ముందు కథ, తర్వాత అంకెలు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. కూడికలు, తీసివేతలు, గుణకారాలు విడిగా ఇస్తే మీవాడు చకచకా చేసేస్తున్నాడనీ, అదే లెక్క నాలుగు వాక్యాల్లో ఇస్తే "అమ్మా, ఇది కూడాలా, తియ్యాలా?" అని నీ మొహం చూస్తున్నాడనీ రాశావు. నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పినన్నాళ్లూ నేను విన్న ప్రశ్నే ఇది. ముందు ఒకటి గట్టిగా చెప్తున్నాను, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకు. "తియ్యాలి నాన్నా" అని నువ్వు అన్నావంటే లెక్కలో అసలు పని నువ్వే చేసేసినట్టు. వాడికి మిగిలేది ఒట్టి తీసివేత, అది వాడికి వచ్చు.

అంకెలు కనపడగానే పిల్లలు కథ వదిలేస్తారు. ఇది మీవాడి ఒక్కడి లోపం కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసేవాళ్లు రెండు, మూడు తరగతుల పిల్లలు 97 మందికి ఒక లెక్క ఇచ్చారు: "పడవలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. పడవ కెప్టెన్ వయసెంత?" అందులో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. లెక్క ఇచ్చారంటే జవాబు ఉండి తీరాలని, ఇచ్చిన అంకెలన్నీ వాడాలని అప్పటికే వాళ్లకు అలవాటైపోయింది.

అందుకే మొదట అంకెలు దాచెయ్. లెక్కను నువ్వే పైకి చదువు, అంకె ఉన్నచోట "కొంత" అను. "బస్సులో కొంతమంది ఉన్నారు. సూర్యాపేటలో కొంతమంది దిగారు, ఇంకొంతమంది ఎక్కారు. ఇప్పుడు బస్సులో ఎంతమంది?" తర్వాత అడుగు, ఏం జరిగింది నాన్నా, జనం పెరిగారా, తగ్గారా? "దిగినవాళ్లు ఎక్కువో, ఎక్కినవాళ్లు ఎక్కువో తెలియకుండా ఎలా చెప్తాను?" అని వాడు అన్నాడంటే లెక్క అర్థమైనట్టే. అప్పుడు అంకెలు చూపించు.

"మొత్తం అంటే కూడు, మిగిలింది అంటే తియ్యి, ఎక్కువ అంటే కూడు" అని ట్యూషన్లలో బట్టీ పట్టిస్తుంటారు. దయచేసి ఆ దారి పట్టించకు. ఈ లెక్క చూడు: రవి దగ్గర 12 గోళీలున్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటికన్నా 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని? బట్టీ పట్టిన పిల్లాడు "ఎక్కువ" అన్న మాట చూసి 17 అంటాడు. వాడితో రెండు అడ్డ పట్టీలు గీయించు, పైన రవిది, కింద సీతది, ఎన్ని గోళీలుంటే పట్టీ అంత పొడుగు. ఎవరి పట్టీ పొడుగ్గా ఉండాలో అడుగు. అది చెప్పగలిగితే 17 అనే ఆలోచనే రాదు, 7 కళ్లకు కనపడుతుంది. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి ఈ పట్టీల పద్ధతిలోనే నేర్పుతున్నారు. రేపు భిన్నాలు, నిష్పత్తులు వచ్చినప్పుడు కూడా ఇదే అక్కరకొస్తుంది. గోళీల బొమ్మలు అందంగా వెయ్యనక్కర్లేదు, రెండు గీతలు చాలు.

మీవాడిది ఇంగ్లిష్ మీడియం కదా, చాలాసార్లు తడబాటు లెక్కలో ఉండదు, వాక్యంలో ఉంటుంది. చదివాక కథ తెలుగులో చెప్పమను. చెప్పలేకపోతే వాక్యం అర్థం కాలేదని నీకు అక్కడే తెలిసిపోతుంది, ఇంక లెక్క గురించి వాణ్ణి కోప్పడే పని ఉండదు. మన ప్రభుత్వ బడుల్లో ఇచ్చే ద్విభాషా గణితం పుస్తకాల్లో ఇంగ్లిష్ పేజీకి ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఎవరినైనా అడిగి ఒకటి తెచ్చుకో.

అంకెలు పెద్దవైతే భయపడతాడు. 38 పెట్టెల్లో 144 చొప్పున అని ఉంటే, 3 పెట్టెల్లో 2 చొప్పున అని మార్చి అడుగు. దారి దొరికాక అసలు అంకెలతో చేస్తాడు.

జవాబు వచ్చాక దాన్ని మళ్లీ కథలో పెట్టి చూడడం తప్పనిసరి చెయ్. 1980ల మొదట్లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇలా ఇచ్చారు: ఒక బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందికి ఎన్ని బస్సులు కావాలి? నూటికి 70 మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ 32 బస్సులు అని రాసింది నూటికి 23 మందే. మిగతావాళ్లలో చాలామంది "31, శేషం 12" అని వదిలేశారు. ఇలాంటప్పుడు "ఆ 12 మంది ఎలా వెళ్తారు?" అని అడిగితే చాలు. ఆ వెంటనే ఇంకోటి ఇవ్వు: 1128 రూపాయలతో 36 రూపాయల పెన్నులు ఎన్ని కొనొచ్చు? భాగహారం అదే, జవాబు మాత్రం 31. ఈ రెండూ పక్కపక్కన చేయించు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, పిల్లల చేత లెక్కలు తయారు చేయించడం. వాడికి 45 లోంచి 18 తీసివేత ఇచ్చి, దీనికి కథ రాయమను. దాదాపు పిల్లలందరూ మొదట ఖర్చు కథే రాస్తారు, 45 రూపాయలున్నాయి, 18 పెట్టి చాక్లెట్ కొన్నాను అని. బావుందని మెచ్చుకుని, ఈసారి ఏదీ ఖర్చవ్వకుండా, పోకుండా అదే తీసివేతకు కథ రాయమను. ఇక్కడ ఆగిపోతాడు, ఆగనివ్వు. ఆలోచించగా ఆలోచించగా అక్క దగ్గర 45, తమ్ముడి దగ్గర 18, తేడా ఎంత అని తడుతుంది. లేదా బంతి ధర 45, నా దగ్గర 18 ఉన్నాయి, ఇంకా ఎంత కావాలి అని. "ఇంకా" అన్న మాట ఉన్నా తీసివేతే అవుతుందని వాడంతట వాడే కనిపెడతాడు. అది నువ్వు పదిసార్లు చెప్పినా అంత బాగా ఎక్కదు.

రోజుకు రెండు లెక్కలు చాలు, బడి నుంచి రాగానే మాత్రం కూర్చోబెట్టకు. వాడు ఆలోచిస్తున్నప్పుడు పెన్సిల్ నీ చేతిలోకి తీసుకోకు. నాకు తెలుసు, వంట పని ఒకపక్క, రేపటి టెస్ట్ టెన్షన్ ఒకపక్క, ఊరుకోవడం కష్టమే. అయినా ఊరుకో తల్లీ.

ఈ ఆదివారంలోగా వాడు రాసిన కథల లెక్కలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చేసి పంపిస్తాను, వాడినే దిద్దమను.

మీ పెద్దమ్మ