స్పెక్ట్రమ్ బాకీ, వాటాదారుడి లెక్క

ప్రశ్న: నా దగ్గర టెలికాం కంపెనీల షేర్లు కొన్ని ఉన్నాయి. స్పెక్ట్రమ్ వేలంలో కంపెనీ ప్రభుత్వానికి కట్టే సొమ్ము నా పెట్టుబడిపై ఎలాంటి ప్రభావం చూపుతుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: స్పెక్ట్రమ్ అంటే మొబైల్ సిగ్నళ్లను మోసే రేడియో తరంగాలు. వేలంలో కంపెనీ పొందేది వాటిపై 20 ఏళ్ల వాడకపు హక్కు మాత్రమే. దాని ఖర్చు ముందే ఖాయమవుతుంది. రాబడి మాత్రం చందాదారుల సంఖ్యను, టారిఫ్‌లను బట్టి నెమ్మదిగా వస్తుంది. 2022 వేలంలో జియో 88,078 కోట్ల రూపాయలకు, ఎయిర్‌టెల్ 43,084 కోట్లకు స్పెక్ట్రమ్ దక్కించుకున్నాయి. ఇంతటి మొత్తాన్ని 7.2 శాతం వడ్డీతో 20 వార్షిక వాయిదాల్లో కట్టే వెసులుబాటు ఉన్నా, వాయిదా వేసినంత మాత్రాన అప్పు అప్పు కాకుండా పోదు.

ఆ అప్పు తీర్చలేనప్పుడు భారం చివరికి వాటాదారుడిపైనే పడుతుందనడానికి వొడాఫోన్ ఐడియాయే నిదర్శనం. 2025లో ఆ కంపెనీ 36,950 కోట్ల స్పెక్ట్రమ్ బకాయికి బదులుగా, ఒక్కొక్కటి 10 రూపాయల చొప్పున 3,695 కోట్ల కొత్త షేర్లను కేంద్రానికి జారీ చేయడంతో, ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది. కంపెనీకి ఊపిరి అందిన మాట నిజమే. అయితే అప్పటికే 100 షేర్లున్న వ్యక్తి దగ్గర ఆ తర్వాతా 100 షేర్లే ఉన్నాయి గానీ, కంపెనీలో అతని వాటా సుమారు మూడో వంతు కరిగిపోయింది. షేరు చవకగా దొరుకుతోందన్న ఒక్క కారణంతో కొనవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మీ కంపెనీల వార్షిక నివేదికల్లో స్పెక్ట్రమ్ బాకీ ఎంత ఉందో, ఏటా కట్టవలసిన వాయిదాకు వ్యాపారంలో వచ్చే నగదు సరిపోతుందో లేదో, ఏ సర్కిల్‌లో (టెలికాం సేవల కోసం విభజించిన ప్రాంతంలో) హక్కుల గడువు ఎప్పుడు ముగుస్తుందో తప్పక చూడండి.