ఒట్టు మాత్రం వేయకు

చి. స్రవంతికి అత్త ఆశీస్సులు.

కనిగిరి అవతల ఆ చిన్న బళ్లో నువ్వు వారానికి రెండు పీరియడ్లు ఆరోగ్యం, భద్రత పాఠాలకని పక్కన పెట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతులో గర్వం దాచుకున్నా దాగలేదు. నాదీ అదే పరిస్థితి. లెక్కలకీ తెలుగుకే టైం చాలడం లేదని అందరూ మొత్తుకుంటుంటే, నిన్నగాక మొన్న డీఎస్సీలో వచ్చిన పిల్లవి నువ్వు ఈ పని నెత్తికెత్తుకున్నావు. బాగుంది. కానీ ఈ పాఠాల్లో ఒకటి తలుచుకుంటే నాకు గుండె దడ. దాని దగ్గరికి వస్తాను, ముందు తేలికవి చెప్పనీ.

ఒకటి, రెండు తరగతుల్ని ఒక గుంపుగా, మూడు, నాలుగు, అయిదుని మరో గుంపుగా కూర్చోబెట్టు. చిన్నవాళ్లకి 25 నిమిషాలు దాటితే బుర్రకెక్కదు. పాఠానికి ఒక్క విషయమే. చార్టు చూపించి వల్లె వేయించడం మాత్రం వద్దు. "భోజనానికి ముందు చేతులు కడుక్కోవలెను" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లాడే బెల్లు కొట్టగానే మట్టి చేతులతో కంచం పట్టుకుంటాడు.

చేతులు కడగడం కుళాయి దగ్గరే నేర్పు. అరచేతికి కాస్త నూనె రాసుకుని ధనియాల పొడి చల్లుకోమను. ఉట్టి నీళ్లతో కడిగితే పొడి వేళ్ల సందుల్లో అలాగే ఉంటుంది, సబ్బుతో అయితే పోతుంది. పసుపు మాత్రం వాడకు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, రక్తమనుకుని ఒకటో తరగతి వాళ్లు ఏడుపు లంకించుకుంటారు. 20 సెకన్లు అంటే వాళ్లకేం తెలుస్తుంది? రెండో ఎక్కం నిదానంగా పది దాకా చెప్పుకుంటూ రుద్దమను, సరిపోతుంది. సబ్బు మూడో రోజుకల్లా మాయమవుతుంది. దొంగెవరని పంచాయితీ పెట్టకు. ఉల్లిపాయల జాలీ సంచి ముక్కలో సబ్బు వేసి కుళాయికి కట్టెయ్, సంచి పైనుంచే రుద్దుకుంటారు.

గోళ్లు, పేలు ప్రార్థనలో నిలబెట్టి చూడకు. వెనకటి బళ్లలో అది రివాజు. చెయ్యి చాపించి, స్కేలుతో కొట్టి, పేలున్న పిల్లని అందరి ముందూ వేరుగా నిలబెట్టేవాళ్లు. ఆ పిల్ల మర్నాటి నుంచి బడి ఎగ్గొట్టేది, పేలు మాత్రం ఎక్కడికీ పోయేవి కావు. నెయిల్ కట్టర్లు రెండు, కాస్త స్పిరిట్, దూది బల్లలో ఉంచుకో. పేల సంగతి ఆ తల్లి ఒక్కదానికే చెప్పు.

నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వేస్తారు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. నీ ఎదురుగానే మింగించు, ఇంటికి ఇచ్చి పంపకు. జ్వరంగా ఉన్న బిడ్డకి ఆ రోజు ఆపి, తర్వాత ఊళ్లోకి వచ్చే ఏఎన్‌ఎం నర్సుతో వేయించు. వారానికొకటి వేసే గులాబీరంగు ఐరన్ మాత్ర భోజనం అయ్యాకే, ఖాళీ కడుపున ఒద్దు. ఒక పిల్ల వాంతి చేసుకుంటే చూసి నలుగురు చేసుకుంటారు, సాయంత్రానికి "బళ్లో మాత్రలు వికటించాయి" అని ఊరంతా పాకుతుంది. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని తల్లులకి ముందే చెప్పు. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే సగం మంది మానేస్తారు.

ఇక పళ్లు. నువ్వు వెళ్లింది నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నేల, అమ్మడూ, ఇది బాగా గుర్తు పెట్టుకో. అక్కడి పిల్లల ముందు పళ్ల మీద సుద్దలాంటి తెల్ల గీతలో, గోధుమరంగు చారలో కనబడతాయి. పొరుగూళ్ల నుంచి వచ్చే టీచర్లు తెలియక "పళ్లు తోముకోవా?" అని గద్దిస్తారు. పాపం ఆ బిడ్డ ఇంటికెళ్లి ఇటుక పొడితో, బొగ్గుతో చిగుళ్లు చీరుకునేలా రుద్దుకుంటుంది. ఎంత రుద్దినా ఆ మరక పోదు. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, అంటే ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల వల్ల వచ్చింది అది. పాచికీ దానికీ తేడా ఇట్టే తెలుస్తుంది. పాచి చిగురు అంచున పేరుకుంటుంది, గోటితో గీస్తే వస్తుంది. ఫ్లోరైడ్ చార పంటిలోనే ఉంటుంది, కుడిపక్క పంటి మీద ఎలా ఉంటే ఎడమపక్క పంటి మీదా ఇంచుమించు అలాగే ఉంటుంది. కాబట్టి నోటి శుభ్రత పాఠంలో "తెల్లని పళ్లు మంచి పళ్లు" అన్న బొమ్మ గోడకి అంటించకు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు నీ క్లాసులోనే ఉంటారు. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఎవరైనా అంటే నమ్మకు. నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణం. తాగే నీళ్లే కాదు, భోజనం వండే నీళ్లూ చూసుకో. వంట ఆమెని బతిమాలైనా శుద్ధి చేసిన నీళ్లే వాడించు. రాగిజావ పారబోసే పిల్లల్ని కూర్చోబెట్టి తాగించు, ఈ పిల్లలకి కాల్షియం ఇంకా అవసరం. పేస్టు శనగగింజంత చాలు, మింగకుండా ఉమ్మెయ్యాలి.

మనసు సంగతులు చెప్పేటప్పుడు ముందు మాటలివ్వు. చిన్నపిల్లలకి ఏ బాధ కలిగినా నోట్లోంచి వచ్చేది "కోపం" ఒక్కటే. సంతోషం, కోపం, భయం, దిగులు అని నాలుగు ముఖాలు గీసి మొదలుపెట్టు. సిగ్గు, అసూయ తర్వాత. గుండ్రంగా కూర్చోబెట్టి, రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలను. మాట్లాడటం ఇష్టం లేకపోతే రాయి పక్కవాళ్లకి ఇచ్చేయొచ్చని కూడా చెప్పు. "మీ ఇంట్లో నాన్న తాగొస్తాడా?" లాంటి ప్రశ్నలు అడిగావో, నేనే బస్సెక్కి వచ్చి నీ చెవి మెలేస్తాను. ఏ సంగతైనా కథలో పిల్లాడికి జరిగినట్టు చెప్పు. ఆ పేరు హాజరు పట్టీలో ఉండకూడదు, విన్నవాళ్లకి ఏ కులమో, ఏ వీధో తట్టకూడదు.

అడగలేని ప్రశ్నలకి అట్టపెట్టె ఒకటి పెట్టు. అందరూ చీటీ వేయాలి, అడిగేది లేనివాళ్లు ఖాళీ చీటీ. లేకపోతే వేసినవాడి వంకే అందరి కళ్లూ. చీటీలు ముందు నువ్వొక్కదానివే చదువుకో, అక్కడికక్కడే పైకి చదవకు. పది మంది ఉన్న క్లాసులో దస్తూరీ ఎవరిదో పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.

అయిదో తరగతి ఆడపిల్లలకి నెలసరి గురించి అది రాకముందే చెప్పాలి. బళ్లో ఎవరికైనా మొదలైతే బీరువాలో ప్యాడ్లు ఉన్నాయని, బీరువా తాళం ఎక్కడుందో వాళ్లకి తెలియాలి.

ఇప్పుడు నా దడ సంగతి. శరీర భద్రత పాఠం. "మంచి స్పర్శ, చెడు స్పర్శ" అని గోడ మీద బొమ్మలుంటాయి చూడు, వాటితో ఆగిపోకు. చెడు స్పర్శ అంటే నొప్పి పుట్టేదని పిల్లలు అనుకుంటారు. సూది మందు నొప్పే కదా, అది మంచిదే. మీద చెయ్యి వేసేవాడు నవ్వించి, చక్కిలిగిలి పెట్టి, చాక్లెట్ ఇచ్చి వేస్తాడు. అందుకని ఎలా అనిపించిందన్న దానితో కాదు, నియమంతో చెప్పు. చెడ్డీ, బనియను కప్పే చోట్లు, నోరు నీవి. శుభ్రం చేయడానికి అమ్మ, జబ్బు చూడటానికి అమ్మ ఎదురుగా డాక్టరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు, తమవి చూపించకూడదు, ఫోటో తీయకూడదు. "ఇది మనిద్దరి రహస్యం" అని ఎవరైనా అంటే ఆ రహస్యం దాచక్కర్లేదు. మగపిల్లలకీ ఇదే పాఠం, ఇవే మాటలు. కొత్తవాళ్లని చూపించి భయపెట్టకు, ఇలాంటి కేసుల్లో నిందితులు ఎక్కువగా తెలిసినవాళ్లే. వద్దను, అక్కణ్నుంచి వచ్చెయ్, చెప్పు, అని మూడూ చేసి చూపించు. నాలుగోది మరువకు: అరవలేకపోయినా, కదల్లేకపోయినా, ఆలస్యంగా చెప్పినా తప్పు నీది కాదు. అయిదు వేళ్లకి చెప్పుకోదగ్గ మనుషులు అయిదుగురిని అనుకోమను. వాళ్లలో ఒకరు ఇంటి బయటివాళ్లు ఉండాలి. పాఠానికి ముందే తల్లుల్ని పిలిచి ఏ మాటలు వాడబోతున్నావో వినిపించు. "చిన్నపిల్లలకి ఇవెందుకమ్మా" అని ఎవరో ఒకరు అంటారు. కోప్పడకు, పాఠం మొత్తం వాళ్ల ముందు ఒకసారి చెప్పి చూపించు.

శనివారం ఈ పాఠం పెట్టకు. దసరాకి, సంక్రాంతికి ముందు అసలే వద్దు. విన్న బిడ్డకి రెండు రోజులకి ధైర్యం వస్తుంది, ఆ రోజు బడి తలుపు తీసి ఉండాలి. సోమవారం పొద్దున చెప్పు.

అసలు పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది. మంచి టీచర్లే, ప్రేమ ఉన్నవాళ్లే ఎక్కువగా చేస్తారు. ఒక పిల్ల కొంగు పట్టుకుని "టీచర్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను" అంటుంది. టీచర్ మనసు కరిగి "ఒట్టు, ఎవరికీ చెప్పను" అనేస్తుంది. ఆ పిల్ల చెప్పిన మరుక్షణం ఆ ఒట్టు తప్పక తీరదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లెవరైనా, అనుమానం ఉన్నా సరే, పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. ఇక ఆ పిల్ల దృష్టిలో నమ్మించి మోసం చేసిన రెండో పెద్దమనిషివి నువ్వవుతావు. అందుకని ముందే అను: "చెప్పు తల్లీ, వింటాను. నిన్ను కాపాడాలంటే ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పేదీ నీకు చెప్పే చేస్తాను." కొందరు ఆ మాటతో వెనక్కి తగ్గుతారు. తగ్గనీ, మళ్లీ వస్తారు. నువ్వు రోజూ అక్కడే, అలాగే కనబడాలి.

ఆ పొరపాటులో రెండో సగం ప్రశ్నలు. "ఎవరు? మామయ్యా? ఎన్నిసార్లు? నువ్వెందుకు వెళ్లావు?" అని గుచ్చి గుచ్చి అడుగుతారు. తర్వాత హెడ్మాస్టరు గదికి తీసుకెళ్లి మళ్లీ చెప్పిస్తారు, ఇంకో టీచర్ వచ్చి ఇంకోసారి. పేరు నువ్వు అందిస్తే బిడ్డ తల ఊపుతుంది, పెద్దవాళ్లు అడిగితే ఊపడం అలవాటు కదా. రేపు కోర్టులో ఆ మాట టీచర్ నేర్పిందే అంటారు. పదిసార్లు చెప్పించిన కొద్దీ మాట మారుతుంది, మారితే అబద్ధమంటారు. నువ్వు అనాల్సినవి ఇంతే: "చెప్పి మంచి పని చేశావు. నేను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. ఇంకేమైనా చెప్పాలనుందా?" మొహంలో అసహ్యం, ఆవేశం కనబడనీయకు. బిడ్డ ఆపితే నువ్వూ ఆపు. పక్కకెళ్లి తేదీ, టైం వేసి బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసుకో. ఇంట్లో వాడుకునే ముద్దు మాటైనా సరే, దిద్దకు.

తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్, పోలీసులకి సమాచారం. 1098 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. అనుమానం ఇంటి మనిషి మీదైతే ఆ ఇంటికి ముందు ఫోన్ చేయకు. "ఈ బిడ్డ సాయంత్రం ఆ ఇంటికే వెళ్లాలి" అన్న సంగతి ఫోన్లో మొదటి మాటగా చెప్పు. నిన్న మొన్న జరిగిందైతే స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు. వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారే రావాలి, యూనిఫాం ఉండకూడదు. ఇది 24వ సెక్షన్, ఎవరైనా స్టేషనుకి రమ్మంటే గుర్తు చెయ్. ఊరి పెద్దలు రాజీ అంటారు, బడి పరువు అంటారు. నీ ఉద్యోగం కొత్తదని నిన్ను భయపెడతారు కూడా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లకి చట్టం అండగా ఉంది, 19వ సెక్షన్‌లోనే రాసుంది. పోలీసులకి, 1098కి తప్ప ఎవరి పేరూ ఎక్కడా అనకు, వాట్సాప్‌లో అసలే వద్దు.

ఇవన్నీ చదివి పాఠమే మానేస్తావేమో అని ఇంకో భయం నాకు. మానకు. భయమేస్తే నాకు ఫోన్ చెయ్, రాత్రి రెండింటికైనా సరే.

జవాబు రాసేటప్పుడు మీ బడి బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించారో లేదో రాయి. చేయించకపోతే కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టి, బడి పేరు, తేదీ రాసి పంపించు. ఫ్లోరైడ్ ఎంతో అంకె వచ్చాక మిగతాది మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ అత్త