బేరియం తాగడం, అయోడిన్ ఇంజెక్షన్: రొయ్యలు పడనివాళ్ళకి భయం ఉందా?

మీ అమ్మగారికి ముద్ద దిగట్లేదని బేరియం స్వాలో (బేరియం మందు తాగించి తీసే ఎక్స్‌రే) రాశారు, నాన్నగారికి పొట్ట సీటీకి (ఎక్స్‌రేలతోనే తీసే స్కాన్) ఇంజెక్షన్ అన్నారు. ఇద్దరికీ వేరువేరు మందులెందుకు, నాన్నగారికి రొయ్యలు పడవు కదా ఇవ్వొచ్చా, పాత ఎక్స్‌రే రిపోర్టులో ‘రేడియో ఒపాక్’ అంటే ఏమిటి అని అడిగారు. గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ని. ఇవన్నీ మాకు రోజూ ఎదురయ్యేవే.

ఎక్స్‌రే కిరణాలు ఒంట్లో ఎక్కడ ఎక్కువ ఆగిపోతే ఫిల్మ్ మీద అక్కడ తెల్లగా పడుతుంది. దాటిపోయిన చోట నలుపు. ఎముకలో కాల్షియం ఉంది కాబట్టి తెలుపు, ఊపిరితిత్తుల్లో గాలి కాబట్టి నలుపు. కిరణాల్ని ఆపేది రేడియో ఒపాక్, వదిలేసేది రేడియో లూసెంట్. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఛాతీ రిపోర్టులో ‘ఒపాసిటీ’ అని చూసి క్యాన్సరే అనుకుని కౌంటర్ దగ్గరే ఏడ్చినవాళ్ళున్నారు. అక్కడ తెల్లగా ఉందని చెప్పడమే అది. నిమ్మా, నీరా, ఇంకోటా అన్నది డాక్టరు తేల్చాలి.

కిడ్నీ రాళ్ళు చాలావరకు కాల్షియంవే కాబట్టి ఎక్స్‌రేలో కనబడతాయి, యూరిక్ యాసిడ్ రాయి మాత్రం కనబడదు. ఎక్స్‌రేలో లేదంటే రాయే లేదనుకోకండి.

ఇక మందుల సంగతి. పేగు, రక్తనాళం, చుట్టూ ఉన్న కండ, అన్నీ కిరణాల్ని దాదాపు ఒకేలా ఆపుతాయి, దేని అంచు ఎక్కడుందో తెలీదు. అందుకే బాగా ఆపే పదార్థాన్ని లోపలికి పంపుతాం, దాన్నే కాంట్రాస్ట్ అంటాం. కాల్షియం పరమాణు సంఖ్య 20, అయోడిన్‌ది 53, బేరియంది 56. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ కిరణాల్ని అంత గట్టిగా ఆపుతుంది.

అమ్మగారికి చూడాల్సింది అన్నవాహిక, కాబట్టి నోటితో బేరియం. ఇంటర్నెట్‌లో బేరియం విషమని చదివి వచ్చేవాళ్ళుంటారు. అబద్ధం కాదు, బేరియం కార్బొనేట్‌ని ఎలకల మందుగా వాడేవారు. మేమిచ్చేది బేరియం సల్ఫేట్. అది కరగదు, పేగు దాన్ని పీల్చుకోదు, మలంతో పోతుంది. రుచి సుద్ద నీళ్ళలాగే ఉంటుంది, దానికి మేమేం చెయ్యలేం. తర్వాత ఒకట్రెండు రోజులు మలం తెల్లగా వస్తుంది, నీళ్ళు బాగా తాగకపోతే గట్టిపడుతుంది. పేగుకి చిల్లు పడిందేమో అనుకుంటే మాత్రం బేరియం ఇవ్వరు, బయటికి కారితే పొట్టలో తీవ్రమైన వాపు వస్తుంది. అప్పుడు నీళ్ళలో కరిగే అయోడిన్ మందు వాడతారు.

నాన్నగారికి రక్తనాళాలు, లివరు, కిడ్నీలు తేటగా కనబడాలి, కాబట్టి నరానికి అయోడిన్ మందు. ఇప్పుడు వాడేవి అయోహెక్సాల్ లాంటివి, పాతకాలం మందులంత ఘాటు కావు, రియాక్షన్లూ బాగా తగ్గాయి. ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడి, నోట్లో ఇనుము రుచి, మూత్రం పోయినట్టు అనిపించడం మామూలే. ఈ చివరిది పెద్దాయనకి ముందే చెప్పి తీసుకురండి. చెప్పకపోతే సిగ్గుతో బిగుసుకుని కదిలిపోతారు, స్కాన్ చెడుతుంది.

రొయ్యల భయం మాత్రం వదిలెయ్యండి. బాపట్ల, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ప్రతి రెండో కుటుంబం ఇదే అడుగుతుంది. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటిలోని ఒక ప్రొటీన్, అయోడిన్ కాదు. ఇదివరకు ఇదే కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా అన్నదే అసలు ప్రశ్న. వచ్చుంటే తప్పకుండా చెప్పాలి. ఉబ్బసం, థైరాయిడ్ ఉన్నా చెప్పండి.

ఇంకోటి, క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష. ఈ మందు బయటికి పోయేది కిడ్నీల గుండానే. ఎప్పుడో తీయించిన రిపోర్టు తెచ్చి ఇది చాలదా అని వాదించేవాళ్ళతో నాకు రోజూ పేచీయే. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ సంగతి కూడా చెప్పండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి దాన్ని 48 గంటలు ఆపి, మళ్ళీ రక్తం చూశాకే మొదలుపెట్టమంటారు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి చాలావరకు ఆపక్కర్లేదు. ఏదైనా మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్ని అడగండి.

మందు ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంటగా, ఉబ్బినట్టు ఉంటే వెంటనే కేకెయ్యమనండి. అయ్యాక ఓ అరగంట అక్కడే కూర్చోబెట్టి, సూది తీయించుకునే బయల్దేరండి.