సాయంత్రమైతే హామ్ రేడియోలో 40, 80 మీటర్ల బ్యాండ్లలో ఎస్9 నాయిస్: అది ఏ దారిన వస్తోందో ముందు తేల్చండి

మీ సమస్య ఇదీ: విజయవాడలో అపార్ట్‌మెంట్, డాబా మీద 40 మీటర్ల బ్యాండ్‌కు (7 మెగాహెర్ట్‌జ్) ఇన్వర్టెడ్ వీ, అంటే నడుమ ఎత్తుగా, కొసలు కిందికి వాలే తీగ యాంటెన్నా. లైట్లు వెలిగే వేళకు రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు, స్టేషన్ ఏదీ లేకపోయినా, నాయిస్‌తోనే ఎస్9 దగ్గర నిలిచిపోతోంది, 80 మీటర్లలో (3.5 మెగాహెర్ట్‌జ్) ఇంకా ఘోరం. యాంటెన్నా ఎత్తు పెంచితే తగ్గుతుందా అని అడిగారు. కొంత తగ్గొచ్చు. కానీ మొదట చేయాల్సిన పని అది కాదు.

ఎంత వరకు తగ్గించగలమో ముందు చూద్దాం. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) వాళ్ల పి.372 సిఫార్సులోని సూత్రాలతో లెక్కేస్తే, 7 మెగాహెర్ట్‌జ్‌లో ఎస్ఎస్‌బీ (ఈ బ్యాండ్లలో మాట పంపే పద్ధతి) వెడల్పుకు, అంటే 2.4 కిలోహెర్ట్‌జ్‌కు, నగరంలో ఉండే మామూలు నాయిస్ సుమారు -87 డీబీఎం, అంటే ఎస్7కి కాస్త కింద. నివాస ప్రాంతంలో ఎస్6 దగ్గర, ప్రశాంతమైన పల్లెలో ఎస్3. కాబట్టి మీకు 40లో ఎస్9 చూపిస్తోందంటే అది ఊరందరి నాయిస్ కాదు. మీ బిల్డింగ్‌లోనో పక్కనో ఒకటో రెండో వస్తువులు చేస్తున్న పని. వాటిని పట్టుకుంటే రెండు, మూడు ఎస్ యూనిట్లు దిగడం అత్యాశేమీ కాదు. అన్నట్టు, 80లో వేసవి సాయంత్రాలు పటపటమని వచ్చేది దూరపు పిడుగుల చప్పుడు. దానికి ఇంట్లో మందు లేదు. ఆగకుండా ఒకే తీరుగా గుయ్యిమనేదే మన లక్ష్యం.

మొదటి పరీక్ష: రేడియోను 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి. ప్రీయాంప్ (రేడియోలో సిగ్నల్ పెంచే దశ) ఆపండి, ఫిల్టర్ వెడల్పు మార్చకండి, మీటరు ఎంతుందో రాసుకోండి. ఇప్పుడు ఇంటి మెయిన్ కట్టేయండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: మెయిన్ కట్టినా హాల్లో ఇన్వర్టర్ నడుస్తూనే ఉంటుంది, దాని లైన్లో ఫ్యాన్లు, వైఫై రూటర్, ఎల్ఈడీలు బతికే ఉంటాయి. పైగా ఇన్వర్టర్ తానే పెద్ద నాయిస్ పెట్టె. దాన్నీ పూర్తిగా ఆపాలి. అప్పుడు నాయిస్ పడిపోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు, ఎంసీబీలన్నీ దించి, మెయిన్ మళ్లీ వేసి, ఒక్కొక్కటే పైకెత్తుతూ మీటరు చూడండి. పడకపోతే వీధికంతా కరెంటు పోయే రోజు కోసం కాచుకోండి, అప్పుడూ బ్యాటరీ మీదే వినండి. వీధి చీకటైనప్పుడు బ్యాండ్ శుభ్రపడితే మూలం పొరుగు ఇళ్లలోనో స్తంభం మీదో ఉంది.

రెండో పరీక్ష దీనికన్నా ముఖ్యం, చేసేవాళ్లు మాత్రం తక్కువ. డాబా మీదికెళ్లి కోయాక్స్ (యాంటెన్నాను రేడియోకు కలిపే కేబుల్) కొస నుంచి యాంటెన్నా విప్పేసి, ఆ స్థానంలో రెండు 100 ఓమ్ రెసిస్టర్లు సమాంతరంగా, అంటే 50 ఓమ్‌ల లోడ్, పెట్టండి. కోయాక్స్‌ను ఉన్నచోటి నుంచి కదపొద్దు. ఇది పావు వాట్ సరుకు, పొరపాటున కూడా ట్రాన్స్‌మిట్ నొక్కకండి. కిందికొచ్చి వినండి. యాంటెన్నా లేదు కాబట్టి నాయిస్ దాదాపు పోవాలి. ఎస్9 నుంచి ఎస్7కి మాత్రమే దిగితే, ఆ ఎస్7 అంతా కోయాక్స్ షీల్డ్ (మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) బయటి ముఖం మీదుగా వస్తోందని అర్థం. ఇంటి వైరింగ్, రేడియో పవర్ సప్లయ్, కంప్యూటర్ యూఎస్‌బీ తీగ, ఇవన్నీ షీల్డ్‌కు తగిలి ఉంటాయి. వాటిలో పారే నాయిస్ షీల్డ్ పట్టుకుని డాబా దాకా ఎక్కి, ఫీడ్‌పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర లోపలికి దూరి సిగ్నల్‌తో కలిసి తిరిగొస్తుంది. ఎండ్‌ఫెడ్ వైర్‌కు (కోయాక్స్‌ను ఒక కొసకే కలిపే తీగ యాంటెన్నా) 49:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, కౌంటర్‌పాయిజ్ (యాంటెన్నాకు రెండో సగంగా పనిచేసే తీగ) లేకుండా వదిలేసినవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ, అక్కడ కోయాక్సే యాంటెన్నాలో సగం. కోయాక్స్‌ను రేడియో దగ్గరే పీకేసినా నాయిస్ వినిపిస్తుంటే అది పవర్ తీగల్లోంచో యూఎస్‌బీ నుంచో నేరుగా దూరుతోంది.

దీనికి మందు కామన్‌మోడ్ చోక్, అంటే షీల్డ్ బయట పారే నాయిస్‌కు అడ్డు వేసే చుట్ట. ఎఫ్‌టీ240-31 టొరాయిడ్ (ఫెర్రైట్ ఉంగరం) తీసుకుని, ఆర్‌జీ-316 అనే సన్న కోయాక్స్‌ను 14 నుంచి 16 చుట్లు చుట్టండి. మధ్య రంధ్రంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు. తోకలతో కలిపి ఒకటిన్నర మీటరు సరిపోతుంది. 80, 40 మీటర్లలో ఇది వేల ఓమ్‌ల అడ్డు వేస్తుంది. 160 మీటర్ల బ్యాండ్ కూడా కావాలంటే చుట్లు 18 చేయండి, లేదా రెండు చోక్‌లు వరసగా పెట్టండి. ఫోమ్ కోయాక్స్‌ను ఇంత ఇరుకుగా వంచితే మధ్య తీగ పక్కకు జరిగి కొన్నాళ్లకు షార్ట్ అవుతుంది, వాడొద్దు. ఎరుపు, పసుపు రంగుల ఐరన్ పౌడర్ కోర్‌లు ఈ పనికి రావు. ఒక చోక్ ఫీడ్‌పాయింట్ దగ్గర, రెండోది కోయాక్స్ గదిలోకి వచ్చే చోట పెట్టాలి. ఒకటే ఉంటే ఫీడ్‌పాయింట్ దగ్గర పెట్టండి.

తీగకు ఒక్కసారి తగిలించే బూడిద రంగు క్లిప్ ఫెర్రైట్‌ల మీద డబ్బు పోయకండి. అవి 30 మెగాహెర్ట్‌జ్ పైన పనిచేసేవి, 3.5లో ఒక్కో దాని అడ్డు పదుల ఓమ్‌లే. అడ్డు చుట్ల వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి అడాప్టర్‌లకు కూడా టొరాయిడ్ మీద ఎనిమిది, పది చుట్లు వేయాలి, అదీ అడాప్టర్‌కు ఆనుకుని, మెయిన్స్ వైపు, డీసీ వైపు రెండింటికీ. ఒక వైపే వేస్తే నాయిస్ రెండో వైపు నుంచి దర్జాగా వెళ్తుంది. చవక ఛార్జర్‌నైతే మార్చేయడమే మేలు. లైన్ ఫిల్టర్ కొనే ముందు మీ ప్లగ్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో పరీక్షించండి. ఎర్త్ లేకపోతే ఫిల్టర్‌లోని వై కెపాసిటర్ల (లైన్ నుంచి ఎర్త్‌కు కలిపేవి) వల్ల డబ్బా మీద సుమారు 115 వోల్టులు నిలిచి, ముట్టుకుంటే చురుక్కుమంటుంది.

రేడియోలో వాటర్‌ఫాల్ (బ్యాండంతా బొమ్మగా చూపే తెర) ఉంటే దొంగ ముఖం చూడొచ్చు. 50, 60 కిలోహెర్ట్‌జ్‌లకొకటి చొప్పున వరసగా గుబ్బలు కనబడి మెల్లగా జరుగుతుంటే స్విచ్‌మోడ్ సప్లయ్ (ఛార్జర్లు, అడాప్టర్‌ల లాంటిది). సెకనుకొకటి టిక్కుమంటే విద్యుత్ కంచె. లిఫ్ట్ కదిలినప్పుడే లేస్తే లిఫ్ట్ మోటారు డ్రైవ్. లిఫ్ట్ గది డాబా మీదే ఉంటుంది గనుక మీ యాంటెన్నా కొసలను దానికి, పంపు స్టార్టర్‌కు దూరంగా తిప్పండి. బ్యాండంతా పరుచుకుని 100 హెర్ట్‌జ్ గుర్రు వినిపిస్తూ, గట్టి వాన పడగానే పోతుంటే స్తంభం మీద దుమ్ము పట్టిన ఇన్సులేటరో వదులు బిగింపో. చేతి రేడియోను ఏఎంలో పెట్టి వీధిలో నడుస్తూ, దగ్గరయ్యే కొద్దీ పై ఫ్రీక్వెన్సీలకు, 100 మెగాహెర్ట్‌జ్ పైకి, మారుతూ వెళ్తే అదే స్తంభం దొరుకుతుంది. స్తంభాన్ని, స్టే వైరును ముట్టుకోకండి. 1912కి ఫోన్ చేసి స్తంభం నంబరు ఇచ్చి, ఫలానా చోట స్పార్కింగ్ ఉందని చెప్పండి. రేడియో నాయిస్ గురించి వివరించబోతే పని జరగదు.

ఇవన్నీ చేశాక మిగిలేది పొరుగిళ్ల నాయిస్. దానికి వేరే రిసీవింగ్ యాంటెన్నా కావాలి: ఒక మీటరు వ్యాసం ఉన్న నిలువు లూప్ (గుండ్రంగా వంచిన తీగ), ఆంప్లిఫయర్‌తో. దాన్ని తిప్పాల్సింది సిగ్నల్ పెరిగే వైపు కాదు, నాయిస్ చచ్చే వైపు. దగ్గరి నాయిస్ నేల వెంబడి ఒకే దిక్కు నుంచి వస్తుంది కాబట్టి నల్‌లో (అలా నాయిస్ చచ్చే దిక్కులో) 20 డీబీ దాకా పడిపోతుంది. తిరుపతి నుంచో విశాఖ నుంచో వచ్చే సిగ్నల్ ఆకాశం నుంచి నిటారుగా దిగుతుంది గనుక పెద్దగా తగ్గదు. పెరడున్నవాళ్లు 18 మీటర్ల ఇన్సులేటెడ్ తీగను నేలమీదే చతురస్రంగా పరిచి, బీఎన్-73-202 ఫెర్రైట్ కోర్ మీద తీగ వైపు ఆరు, కోయాక్స్ వైపు రెండు చుట్లు, రెండు వైండింగులూ విడివిడిగా, వేసి చూడొచ్చు. డాబా స్లాబ్ మీద మాత్రం అది వద్దు, సరిగ్గా కింద మీ పై అంతస్తు వైరింగే ఉంటుంది. రెంటిలోనూ సిగ్నల్ బాగా చిన్నదవుతుంది, కంగారు పడకండి. చూడాల్సింది నాయిస్ కంటే సిగ్నల్ ఎంత పైనుందన్నది.

రేడియోకు రిసీవ్ యాంటెన్నా సాకెట్ లేకపోతే పీటీటీతో (ట్రాన్స్‌మిట్ నొక్కే స్విచ్) నడిచే రిలే పెట్టాలి. ట్రాన్స్‌మిట్ పవర్ వచ్చేలోపే ఆ రిలే లూప్‌ను విడదీసి, ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను షార్ట్ చేసేలా కట్టండి. లేదంటే 100 వాట్లు మొదటిసారి నొక్కినప్పుడే ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లు పోతాయి.