మాత్రలు మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టా?

రాయగడ నుంచి ఒక తల్లి రాశారు. తొమ్మిదేళ్ల బాబుకి సికిల్ సెల్ జబ్బు, చలికాలం వస్తే కాళ్లు పట్టుకుని రాత్రంతా ఏడుస్తాడట. అత్తగారేమో ‘మీ పుట్టింటి పాపం’ అంటున్నారు. సంఘపెద్ద ఒకాయన, విశ్వాసం ఉంటే మాత్రలు మానెయ్యమని చెప్పి, మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో బాబుని కూడా కూర్చోబెట్టారు. రెండో రోజుకే నొప్పులు లేచాయి. ‘నా విశ్వాసమే తక్కువా?’ అని అడిగారు.

అమ్మా, ముందు మాత్రల సంగతి. హైడ్రాక్సీయూరియా డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకండి. ఇక ఉపవాసమంటారా, పెద్దవాళ్లు ఉండండి, బాబుని మాత్రం వదిలెయ్యండి, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ నొప్పి మీరు కళ్లారా చూశారు కదా. జ్వరం వచ్చిందా, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ప్రార్థన ఆటోలో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

అత్తగారి మాటకి జవాబు డాక్టరు దగ్గరే ఉంది. ఈ జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి. ఒక్క వైపు నుంచే వస్తే మనిషి మామూలుగానే తిరుగుతాడు, తనలో ఉందని కూడా తెలీదు. మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఆ ఒక్క జన్యువు మన ముత్తాతల ప్రాణం కాపాడింది కూడా. దాన్ని పాపం అంటే ఎలా? అన్నట్టు, మళ్లీ కాన్పు ఆలోచన ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి, ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది.

బైబిల్లో యోహాను సువార్త 9వ అధ్యాయం మీ సంఘపెద్ద వందసార్లు చదివే ఉంటారు. గుడ్డివాడిగా పుట్టినవాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీడిని కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు యేసు. అక్కడితో ఆగాడా, ఉమ్మితో బురద చేసి కళ్లకి పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని బాధని ముల్లు అన్నాడు, దాన్ని తియ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. తనతో తిరిగిన త్రోఫిముని రోగిగానే మిలేతు ఊళ్లో వదిలి వచ్చాడు, కడుపు బాగాలేని శిష్యుడు తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. పౌలుకి విశ్వాసం తక్కువని అనగలమా? అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా పక్కన కూర్చున్నారే, అంతవరకూ బాగానే ఉన్నారు, కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. (మన కూడికల్లో మొదటి భాగం ఎవరికీ గుర్తుండదు.)

మీ ఉత్తరమంతా వెతికాను, మీవారి మాట ఒక్కటీ లేదు. వాళ్లమ్మకి చెప్పాల్సింది ఆయన, మీరు కాదు. ఈసారి రక్తపరీక్షకి ఆయన్నీ, వీలైతే పాస్టరుగారినీ వెంటబెట్టుకెళ్లండి, డాక్టరు చెప్పేది వాళ్ల చెవినే పడనివ్వండి.

నూనె రాసి ప్రార్థన చేస్తామంటే చెయ్యనివ్వండి, యాకోబు పత్రికలో ఉన్నదే. ఆ సేపు బాబుకి స్వెట్టర్ వేసి, ఒళ్లో నీళ్ల సీసా పెట్టండి. మధ్యలో తాగితే ఎవరైనా కసురుకున్నారా, వాణ్ణి తీసుకుని లేచి వచ్చెయ్యండి.