మందు వాసన వచ్చే నీళ్లు బాబుకు పట్టవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. మా బాబుకు పద్నాలుగు నెలలు. కొళాయి నీళ్లలో కలిపే మందు కడుపులోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తుందని మా అత్తమ్మ అంటే, క్యాన్ నీళ్లు కొని పట్టిస్తున్నాం. అయినా రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. ఎందుకు?

జవాబు: మీ అత్తమ్మగారి ఆందోళనను కొట్టిపారేయలేం. బిడ్డ పేగులలో సూక్ష్మజీవుల సమూహం కుదురుకోవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. వాటిని తిని బైఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది. అయితే మీరు చెప్పే మందు క్లోరిన్. కొళాయి నీటిలో మిగిలి ఉండేది చాలా కొద్దిది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన ప్రమాణం. ఢాకాలో ఏడాదిపాటు క్లోరిన్ కలిపిన నీరు తాగిన పిల్లలను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వారి పేగు బ్యాక్టీరియాలో స్వల్పమైన తేడాలే కనిపించాయి, వైవిధ్యం తగ్గలేదు. అక్కడే అంతకుముందు జరిగిన పరిశీలనలో విరేచనాలూ, యాంటీబయాటిక్స్ వాడకమూ తగ్గాయి. నా దృష్టిలో అసలు విషయం ఇదే: మంచి బ్యాక్టీరియాను ఎక్కువగా దెబ్బతీసేది మలినమైన నీరు, దానివల్ల వచ్చే విరేచనాలు, వాటికి అక్కరలేకపోయినా వాడే యాంటీబయాటిక్స్.

క్యాన్ నీళ్లను బిందెలో వంచుకుని చెంబుతో ముంచుకుంటున్నారా? చెంబు అంచు పట్టుకున్న వేళ్లు కూడా నీళ్లలో మునుగుతాయి. క్యాన్లలో వచ్చే ఆర్వో నీటిలో (యంత్రంతో వడపోసిన నీటిలో) సాధారణంగా క్లోరిన్ ఉండదు కనుక, వేళ్లనుంచి దిగిన క్రిములను ఆపేది అందులో ఏదీ లేదు. ఖాళీ బిందె లోపల ఒకసారి వేలితో రాసి చూడండి. జారుడుగా తగిలితే అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొర. రోజూ బిందె తోమి, బాబుకు ఇచ్చే నీటిని తెర్లనిచ్చి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చి, పొడవు కాడ గరిటెతో తీయండి. బోరు నీళ్లు మాత్రం కాచినంత మాత్రాన సరిపోవు. మన జిల్లాలో చాలాచోట్ల వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాచితే అది పోకపోగా నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది.

మళ్లీ విరేచనాలైతే తల్లిపాలు ఆపకండి. ఓఆర్‌ఎస్ పట్టిస్తూ, డాక్టరు సలహాతో 14 రోజులు జింకు ఇవ్వండి. మలంలో రక్తం కనిపించినా, బాబు మగతగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ అవసరమో కాదో అక్కడి డాక్టరు చూసి చెప్పాలి. పోయినసారి మిగిలిన సీసాలోది పట్టవద్దు.