టోకమాక్ లోపలి టర్బులెన్స్‌ను ఎలా కొలుస్తారు?

"10 కోట్ల డిగ్రీల ప్లాస్మాలో ఏ పరికరమూ పెట్టలేరు కదా, మరి లోపల టర్బులెన్స్ ఉందని ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. టోకమాక్ అంటే ఫ్యూజన్ కోసం ప్లాస్మాను (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువును) అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే గారె ఆకారపు యంత్రం. టర్బులెన్స్ అంటే ఆ ప్లాస్మాలో లేచే సుడులు. నడిమధ్యలో పరికరం పెట్టలేం, నిజమే. అంచులో మాత్రం పెట్టొచ్చు. నా పీహెచ్‌డీలో ఎక్కువ కాలం ఆ పనిలోనే గడిచింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అంచు దగ్గర వేడి లక్షల డిగ్రీల్లోనే ఉంటుంది, సాంద్రత కూడా తక్కువ. అందుకే అక్కడ లాంగ్‌మ్యూర్ ప్రోబ్ కొద్దిసేపు తట్టుకుంటుంది. చూడ్డానికి అది సిరామిక్ గొట్టంలోంచి కొన్ని మిల్లీమీటర్లు బయటికొచ్చిన సన్నటి టంగ్‌స్టన్ తీగ, అంతే. మరీ లోతుకు పోనిస్తే మొన కరిగి గుండ్రంగా తయారవుతుంది.

మేం వాడింది మూడు పిన్నుల ప్రోబ్. ఒక పిన్నుకు గట్టి నెగటివ్ వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లు వెనక్కి పోయి అయాన్లే చేరతాయి. ఆ కరెంటు ఎలా ఊగితే సాంద్రత అలా ఊగుతున్నట్టు. మిగతా రెండు పిన్నులకు ఏ వోల్టేజీ ఇవ్వం. వాటి మధ్య తేడాను బట్టి విద్యుత్ క్షేత్రం ఎంతో అంచనా వేస్తాం. సెకనుకు 10 లక్షల శాంపిళ్లు తీసేవాళ్లం.

చాలామంది ఎంత ఊగుతోందన్నదే చూస్తారు. నా దృష్టిలో అసలు చూడాల్సింది సాంద్రత, విద్యుత్ క్షేత్రం రెండూ ఎలా కలిసి ఊగుతున్నాయన్నది. సాంద్రత పెరిగిన క్షణంలోనే క్షేత్రం బయటికి తోసే దిశలో ఉంటే ప్లాస్మా కారిపోతుంది. ఒకటి పావు చక్రం వెనకబడితే, ఎంత పెద్దగా ఊగినా మొత్తం మీద పోయేది సున్నా.

ఒకసారి మా లెక్కల్లో ప్లాస్మా లోపలికి పోతున్నట్టు వచ్చింది. రెండు వారాలు నిద్రపట్టలేదు. చివరికి ప్లాస్మా లేనప్పుడు ఒక్కో పిన్నుకూ తెలిసిన సిగ్నల్ ఇచ్చి చూస్తే, రెండు కేబుళ్లు తారుమారయ్యాయి! క్షేత్రం గుర్తు తిరగబడి, ప్రవాహం దిశ కూడా తిరగబడింది. అప్పటి నుంచి ఆ పరీక్ష చేయకుండా ఏ డేటానూ నమ్మలేదు.

ఇక నడిమధ్య సంగతి. అక్కడ సాంద్రత ఊగేది తరచుగా 1 శాతం లోపే. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పరమాణువుల పుంజాన్ని లోపలికి పంపితే, ప్లాస్మా కణాలు ఢీకొని అవి ఎర్రటి కాంతినిస్తాయి. సాంద్రతతో పాటు ఆ వెలుగూ ఊగుతుంది. పుంజం వేగంగా కదులుతుంది కాబట్టి డాప్లర్ ప్రభావంతో తరంగదైర్ఘ్యం కొద్దిగా జరిగి, అంచు నుంచి వచ్చే అదే రంగు కాంతితో కలవదు. చిక్కల్లా డిటెక్టర్ నాయిస్‌తోనే. టర్బులెన్స్ అందులో మునిగిపోతుంది. అందుకని పక్కపక్క చోట్లను చూసే రెండు డిటెక్టర్ చానళ్లను పోలుస్తారు. నాయిస్ దేనిది దానికే వేరు, సుడి మాత్రం రెండింటిలోనూ కనిపిస్తుంది. ఎక్కువసేపు సగటు తీస్తే సుడి మిగులుతుంది. అయితే పుంజమే ఊగినా రెండింటిలోనూ కనిపిస్తుంది, దాన్ని విడిగా తీసేయాలి.

ఈ పద్ధతికి సెంటీమీటరు స్థాయి సుడులు బాగా అందుతాయి. అంతకంటే చాలా చిన్నవాటికి మైక్రోవేవ్ లేదా లేజర్ స్కాటరింగ్ (ప్లాస్మాలో తరంగాలు ఎలా చెదురుతాయో చూడడం) కావాలి.